తొంభై తొమ్మిది కిలోల మొక్కు

వర్తూరు, బెంగళూరు
ఫిబ్రవరి 8, ఆదివారం

అక్కకు,

ఈ ఉదయం ఏడు గంటలకు పక్కింటి వరండాలో నన్ను తూచారు. తొంభై ఎనిమిది కిలోలు. నలుగురిలో నాదే ఎక్కువ. ఏప్రిల్ నెలాఖరుకు దీన్ని ఎనభై ఎనిమిదికి దించుతానని ముగ్గురు సాక్షుల ముందు ఒప్పుకున్నాను.

ఈ సంగతి ఫోనులో చెప్పాలని చూశాను. నీ చెవిమిషను ఈల వేసింది. నువ్వు "ఎవరప్పా పోయింది?" అని మూడుసార్లు అడిగావు. పెట్టేశాను. అందుకే ఎప్పటిలాగే ఈ ఉత్తరం. మీ ఊరి లారీ డ్రైవరు చిక్కమునియప్ప మడివాళ మార్కెట్టులో టమాటాలు దించి తిరిగి వచ్చేటప్పుడు తెచ్చి ఇస్తాడు.

ఆగస్టులో నా గుండెకు స్టెంటు వేసిన డాక్టరు ప్రతిసారీ ఒకటే అంటున్నాడు: "మందులు నా పని, బరువు మీ పని." ఆరు నెలలుగా ఆయన పని ఆయన చేశాడు. నా పని మొదలు కాలేదు. ఒంటరిగా అయ్యే పని కాదని తేలింది కాబట్టి పోటీ పెట్టుకున్నాం.

మిగతా ముగ్గురూ మా అపార్టుమెంటు వాళ్ళే, పొద్దున నాతో నడిచేవాళ్ళు. పద్మనాభం గారు బ్యాంకులో రిటైరయ్యారు, మంచి భోజనప్రియుడు. జరీనా గారు మా పక్కింటావిడ, స్కూల్లో లెక్కలు చెబుతారు. తూకం మిషను ఆమెది, అందువల్ల తీర్పు కూడా ఆమెదే. ఓంకార్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఏడాదిగా ఇంటి నుంచే పనిచేసి కుర్చీ ఆకారంలోకి వచ్చాడు. చెరువు గట్టు పక్కన నడుస్తాం. ఆ మురుగు వాసనకు వేగం దానంతటదే పెరుగుతుంది.

నియమం: ఉన్న బరువులో నూటికి ఎంత తగ్గారన్నది లెక్క. చివర నిలిచినవాళ్ళు ఏడాది పాటు రోజూ ఐదున్నరకు మిగతా ముగ్గురి తలుపులు తట్టి నడకకు లేపాలి.

ఒక్క మనవి. ఏప్రిల్ దాకా నీ పూర్ణం ఓళిగలు, నెయ్యి పంపకు.

నీ మరదలు నళిని నమస్కారాలు చెప్పమంది. ఆమె పోటీలో లేదు. తమాషా చూస్తానంటోంది.

నీ తమ్ముడు
హేమంత్‌కుమార్


మిట్టూరు, పలమనేరు దగ్గర
ఫిబ్రవరి 13

చిరంజీవి హేమంతుకు అక్క పుష్పావతి ఆశీస్సులు.

నీ ఉత్తరం లారీ గుద్దిన కారు మీద రాసే రిపోర్టు లాగా ఉంది. ఇన్సూరెన్సు వాళ్ళకు రాసి రాసి తోడబుట్టినదానికి కూడా అట్లాగే రాస్తున్నావు. మీ బావకు చదివి వినిపిస్తే "ఇంతకీ బామ్మర్దికి డ్యామేజీ ఎంత?" అని అడిగాడు.

ఇప్పుడు నేను చెప్పేది శ్రద్ధగా చదువు. ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు, నవ్వుతావని.

ఆగస్టులో నిన్ను ఆపరేషను గదిలోకి తీసుకుపోయినప్పుడు నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని మన కొండ నరసింహస్వామికి మొక్కుకున్నాను. తమ్ముడు బతికి బయటికి వస్తే అతని బరువుకు సరిగా బెల్లం తులాభారం ఇస్తాను, ఆ బెల్లంతో స్వామి జయంతి నాడు ఊరంతటికీ పానకం పోయిస్తాను అని. బరువెంతో చెప్పకపోతే మొక్కు గాలిలో ఉంటుందని నళినిని అడిగాను. ఆసుపత్రి చీటీ చూసి తొంభై తొమ్మిది అంది. తొంభై తొమ్మిది అని స్వామికి చెప్పేశాను. ఒక గంటకు నువ్వు బయటికి వచ్చి కాఫీ అడిగావు.

మీ బావ ఈ చెరకు గానుగ కాలంలో ఆ తొంభై తొమ్మిది కిలోలు వేరుగా వండించి అటక మీద పెట్టించాడు. చీమలు పట్టకుండా కాపలా నేను.

జయంతి ఏప్రిల్ ముప్పైన. అంతవరకు నువ్వు ఒక్క కిలో కూడా తగ్గకూడదు. మరునాటి నుంచి గాలిపటం అయిపో, దారం నేనే పట్టుకుంటాను. ఇప్పటికే ఒక కిలో తక్కువున్నావు. దాని కోసం ఓళిగలు పంపుతున్నాను. కూర్చొని తిను.

ఇంకొకటి. పందెం అంటున్నావు. మన ఇంట్లో పేకముక్క పట్టినవాడు లేడు. పక్కింటావిడ మగవాడిని వరండాలో నిలబెట్టి తూచడమేమిటో కూడా నాకు అర్థం కాలేదు. నళినికి తెలుసా?

అక్క


వర్తూరు
ఫిబ్రవరి 23, సోమవారం

అక్కకు,

నిన్నటి తూకంలో నేను తొంభై ఆరు. నాది మొదటి స్థానం. పద్మనాభం గారు ఒక కిలో పెరిగి చివరికి పోయారు. కారణం నీ ఓళిగలు.

దాచను. డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టింది నేనే. "మా అక్క పంపింది, మొహమాటపడకండి" అన్నాను. ఆయన మొహమాటపడలేదు. ఓంకార్ నాలుగు తిని, ఆ రాత్రి మేడ మెట్లు ఎక్కి దిగాడట. జరీనా గారు ఒక్కటి విరిచి, సగం వెనక్కి పెట్టి, నా వంక చూసి, "హేమంత్ గారూ, ఇది దానమా, దాడా?" అన్నారు. లెక్కల టీచర్లతో ఇదే చిక్కు.

మరో గొడవ నడుస్తోంది. రంజాను ఉపవాసాలు మొదలయ్యాయి. పద్మనాభం గారు లేచి, జరీనా గారికి నెల రోజుల పగటి ఉపవాసం వస్తోంది కనుక ఇది సమాన పోటీ కాదని అభ్యంతరం చెప్పారు. "ఉపవాసం పోటీకి కాదండీ, దేవుడికి," అన్నారామె. "అయినా ఒక సాయంత్రం ఇఫ్తారుకు రండి. మా అత్తగారు వేయించేవి చూశాక మీకే నా మీద జాలి కలుగుతుంది." ఆయన వెళ్ళారు. జాలి పడుతూ తొమ్మిది సమోసాలు తిన్నారు. ఇప్పుడు తనకు ఏకాదశి ఉపవాసం ఉందంటున్నారు. ఆ ఉపవాసంలో ఉప్మా ఉంది.

మొక్కు సంగతి. నవ్వలేదు. ఉత్తరం రెండుసార్లు చదివాను. కానీ ఒక విషయం ఆలోచించు. తక్కెడలో ఒక తట్టన నేను, ఇంకో తట్టన బెల్లం. నేను తేలికైతే బెల్లం తక్కువ పడుతుంది. మిగిలింది మీ ఇంటికే. తొంభై తొమ్మిది సిద్ధం చేశావు, ఎనభై ఎనిమిదే ఖర్చవుతుంది. ఎటు చూసినా నీకే లాభం.

నళినికి తెలుసు. మిషను మీద అంకె చదివి అందరికీ వినిపించేది ఆమే.

హేమంత్


మిట్టూరు
మార్చి 2

హేమంతుకు,

లాభం అన్న మాట నువ్వే రాశావా, నీ చేత ఆ పందెం వాళ్ళు రాయించారా?

ఆ రోజు మెట్ల మీద నేను బేరం ఆడలేదు. తొంభై తొమ్మిది కిలోల మనిషిని నాకు తిరిగి ఇమ్మన్నాను. స్వామి ఒక్క కిలో కోత పెట్టకుండా ఇచ్చాడు. ఇప్పుడు నేను ఎనభై ఎనిమిదే చేతిలో పెడితే, మిగతా పదకొండు కిలోల మనిషి ఎవరి సొత్తు? స్వామి వెనక్కి అడిగితే నేనేం చెప్పాలి? పేదవాడికి ఇస్తానన్నదే తగ్గించకూడదంటారు. నాకు ఒక్క తమ్ముడు. ఆ ఒక్కడి మీద ఇచ్చిన మాటలో చిల్లు పెట్టుకొని నేను నిద్రపోలేను.

ఇక రెండో సంగతి. చిక్కమునియప్పను నిలదీశాను. అతను చెప్పింది చెప్పినట్లు రాస్తున్నాను.

"అమ్మా, అన్న మార్కెట్టుకాడికి వచ్చినాడు. ప్యాంటు ఒక చేత్తో పట్టుకోనుండాడు. నడిస్తే జారతా ఉండాది. మొగం ఇంత అయిపోయుండాది. మా మామ గూడా పోయేముందు అట్నే ఉన్నాడు."

"బాగుండాడా అని అడగలేదా?"

"అడిగితిని. శానా బాగుండాను అన్నాడు. మా మామ గూడా అదే అన్నాడు."

హేమంతూ, నిజం చెప్పు. డాక్టరు ఏమన్నాడు? ఈ పందెం, ఈ నలుగురు, ఈ మిషను, ఇదంతా నా దగ్గర జబ్బు దాచడానికి కట్టిన కథ కాదు కదా? ఓళిగలు నీకు సహించక ఊళ్ళోవాళ్ళకు పంచి, పోటీ కోసమని నాకు రాస్తున్నావేమోనని రెండు రోజులుగా నా ప్రాణం కొట్టుకుంటోంది. నువ్వు చిన్నప్పుడు ఓళిగ ఎవరికీ పెట్టినవాడివి కాదు.

పుష్పావతి


వర్తూరు
మార్చి 22, ఆదివారం

అక్కకు,

ఈ ఉదయం తూకం మిషను అబద్ధం చెబుతున్నట్లు రుజువైంది. పోటీ నిలిచిపోయింది.

ముందు నా ఆరోగ్యం. నాకు కొత్త జబ్బేదీ లేదు. ప్యాంటు జారింది నడుము తగ్గినందువల్ల. బెల్టు కొన్నాను. చిక్కమునియప్ప దృష్టిలో సన్నబడ్డ ప్రతివాడూ పోయేవాడే. మా ఓంకార్‌ను చూసి కూడా "ఈ పిల్లోడికి ఇంట్లో ఎవరూ లేరా?" అని అడిగాడు.

ఇక మిషను. నిన్న రంజాను పండుగ. ఈ రోజు తూకంలో నలుగురం తగ్గాం. పండుగ బిర్యానీ నలుగురం తిన్నాం. పద్మనాభం గారు రెండు ఇళ్ళలో తిన్నారు. ఆయన ఒక్క వారంలో నాలుగు కిలోలు తగ్గినట్లు మిషను చూపించింది. ఆయన చేతులు జోడించి, "అల్లా దయ," అన్నారు. జరీనా గారు, "ఆయన మీద ఇంత భారం వేయకండి," అన్నారు.

ముప్పై ఏళ్ళుగా గుద్దుకున్న బండ్లు చూసి రిపోర్టు రాస్తున్నాను. సాక్షులందరూ సంతోషంగా ఉంటే ఏదో తేడా ఉన్నట్లే. జరీనా గారింటికి అప్పుడే నిండు గ్యాసు సిలిండరు వచ్చింది. ఖాళీ బరువు దాని మీదే అచ్చు వేసి ఉంటుంది, లోపలి గ్యాసు ఎంతో అందరికీ తెలుసు. ఎత్తి మిషను మీద పెట్టాను. ఉండాల్సిన దానికంటే మూడు కిలోలు తక్కువ చూపించింది. కారణం కింద ఉంది. పండుగకని వరండాలో మెత్తటి తివాచీ పరిచి, మిషనును దాని మీదే పెట్టారు. నేలమీద పెడితే సిలిండరు సరిగ్గా తూగింది.

"అంటే నేను తగ్గలేదా?" అన్నారు పద్మనాభం గారు.

"పెరిగారు," అంది నళిని. నేలమీద తూచి చదివింది.

జరీనా గారు చాలా నొచ్చుకున్నారు. తివాచీ కావాలని వేశారని ఎవరూ అనలేదు. ఎవరూ అనకపోవడమే ఆమెకు అన్నట్లు వినిపించింది. ఆదివారం తూకాలు ఇక తన వరండాలో వద్దన్నారు.

ఉగాదికి నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. నళిని లారీ దగ్గరికి రెండుసార్లు వెళ్ళి వచ్చింది. పంపవద్దన్నది నేనే. అయినా రాయడం నా బాధ్యత.

చిక్కమునియప్ప ఇంకో మాట అన్నాడు. "అమ్మ గూడా రొంత సన్నబడిండాది." మాకు చెప్పకుండా నువ్వూ పోటీలో చేరావా?

హేమంత్


మిట్టూరు
మార్చి 28

చిరంజీవి హేమంతుకు ఆశీస్సులు.

మిషను అబద్ధమని చదివి నా కడుపు చల్లబడింది. కొబ్బరికాయ కొట్టించాను. నువ్వు తగ్గావనుకున్నదంతా తివాచీ మాయ. నా తమ్ముడు ఎక్కడికీ పోలేదు, తొంభై తొమ్మిదే ఉన్నాడు. స్వామి తన సొమ్ము తాను కాపాడుకున్నాడు. ఆ జరీనా గారికి నా తరపున చెప్పు, ఆమె మీద నాకు ఇప్పుడు మంచి అభిప్రాయం ఉందని. నొచ్చుకోవద్దను.

ఉగాదికి ఓళిగలు చేశాను. నీకు పంపలేదు. నువ్వు బ్యాంకు మేనేజరుకు పెట్టేదానికి నేను పొయ్యి ముందు కూర్చోవాలా? నేరుగా ఆయనకే పంపాను. నీకు తెలియదు కదా, మీ పద్మనాభం గారు ఉగాదికి ముందే లారీలో నాకు ఉత్తరం పంపారు. "పుష్పావతమ్మ గారికి, మీ ఓళిగల పూర్ణంలో యాలకులతో పాటు ఇంకేమి వేస్తారో తెలియక నిద్ర పట్టడం లేదు" అని. పెద్దమనిషి, మర్యాద తెలిసినవాడు. వేరే డబ్బా కట్టి పంపాను. ముట్టిందో లేదో నీ దగ్గర అనలేదంటే ముట్టినట్లే.

పూజారి నారాయణాచార్యులను అడిగాను. మొక్కిన అంకె స్వామి చెవిలో పడింది కాబట్టి అదే లెక్క అన్నాడు. మనకు ఇబ్బంది లేదు, నువ్వు ఎట్లాగూ సరిపోతావు.

నేను సన్నబడిందేమీ లేదు. ఎండలు. లారీ సీటు ఎత్తు మీద నుంచి చూస్తే ఎవరైనా సన్నగానే కనిపిస్తారు.

అక్క


వర్తూరు
ఏప్రిల్ 5, ఆదివారం

అక్కకు,

శుక్రవారం ఆసుపత్రి తూకంలో నేను ఎనభై తొమ్మిది కిలోలు. అక్కడ తివాచీ లేదు. డాక్టరు ఒక మాత్ర తీసేశాడు, ఇంకొకటి సగం చేశాడు. "నా పని తగ్గిస్తున్నారు," అన్నాడు. ఆయన నవ్వడం మొదటిసారి చూశాను.

నీకు ఇది చెడ్డవార్త అని తెలుసు. దాచి చివరి రోజు కొండమీద తెలిసేకంటే ఇప్పుడే చెప్పడం మేలు. తిరిగి పది కిలోలు పెరగమని మాత్రం అడగకు. అడిగినా పెరగను.

ఇక అసలు సంగతి. నిన్న మడివాళలో చిక్కమునియప్పకు టీ ఇప్పించి కూర్చోబెట్టాను. ప్రమాదం కేసుల్లో డ్రైవరును అడిగినట్లే అడిగాను.

"అమ్మ ఎందుకు సన్నబడింది?"

"నాకు తెలీదన్నా."

"తెలీదా, చెప్పొద్దన్నదా?"

"చెప్పొద్దన్నది. ఒక్కపొద్దు ఉండాదన్నా. నీకు ఆపరేషను అయినప్పటి నుంచి. పొద్దుకు ఒక్కతూరే తింటాది. తీపి ముట్టదు. నాకు కాఫీ ఇచ్చి తను వట్టి కాఫీ తాగతాది. పోయిన వారం నీళ్ళ తొట్టికాడ కళ్ళు తిరిగి కూలబడితే పనిజేసే రెడ్డెమ్మ పట్టుకున్నది."

అక్కా, నీకు అరవై నాలుగు. నేను తిండి తగ్గిస్తే చూడటానికి డాక్టరున్నాడు, నళిని ఉంది, అంకెలు అరిచే ముగ్గురు ఉన్నారు. నిన్ను చూసేది చిక్కమునియప్ప ఒక్కడు, అతనూ లారీ దిగినప్పుడే. నాకు జబ్బు ఉందేమో, దాస్తున్నానేమో అని రెండు పేజీలు రాశావు. ఆ పేజీలు రాసేటప్పుడు నీ కడుపులో ఏముంది?

ఈ ఉత్తరం అందిన పూట నుంచి రెండు పూటలా తిను. బావకు కూడా చదివి వినిపించు. వినిపించకపోతే నళినిని పంపుతాను.

హేమంత్


మిట్టూరు
ఏప్రిల్ 11

హేమంతుకు,

మీ బావకు చదివి వినిపించాను. ఆయనకు ముందే తెలుసు. "నేను చెప్తే వినే మనిషైతే నలభై ఏళ్ళ కిందటే వినేది" అన్నాడు.

అవును, ఒక్కపొద్దు ఉన్నాను. మొక్కు తీరేదాకా ఒక్కపూట తిండి, తీపి ముట్టేది లేదు. అదీ మొక్కులో భాగమే. తొట్టి దగ్గర కూర్చున్నమాట నిజం. కూర్చున్నాను, మళ్ళీ లేచాను. రెడ్డెమ్మ పట్టుకున్నది నన్ను కాదు, బిందెను.

నువ్వు పందెం కోసం మానేస్తే ఆరోగ్యం. నేను స్వామి కోసం మానేస్తే చాదస్తమా? నీకు చూసేవాళ్ళు ముగ్గురున్నారు, నాకు ఒక్కడున్నాడు, కొండమీద.

ఎనభై తొమ్మిది అని చదివాను. డాక్టరు నవ్వాడని రాశావు. ఆ ఒక్క వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. నిన్ను తిని పెరగమని ఇక అనను. అది అనడానికి నాకు నోరు రావడం లేదు. కానీ మాట మాటే.

పూజారి దగ్గరికి పోయి గోడు చెప్పుకున్నాను. ఆయన గడ్డం నిమురుకొని, "తల్లీ, ఆ పది కిలోలు స్వామి ముందే తీసేసుకున్నాడనుకో, మిగతా ఎనభై తొమ్మిదికి బెల్లం వేద్దాం," అన్నాడు. "స్వామీ, మా వాడి కొవ్వుతో పానకం కలుపుతావా?" అని అడిగాను. లోపలికి పోయి గంట కొట్టుకున్నాడు.

ఇక తేలింది ఇదీ. జయంతి నాడు తక్కెడ తొంభై తొమ్మిదికి సరితూగితే మొక్కు తీరుతుంది. తూగకపోతే వచ్చే జయంతి దాకా ఆగుతాను. ఒక్కపొద్దు కూడా అప్పటిదాకా. ఏడాది ఎంతలో పోతుంది?

నళినిని పంపవద్దు. ఎండలు మండుతున్నాయి.

అక్క


వర్తూరు
ఏప్రిల్ 19, ఆదివారం

అక్కకు,

తక్కెడ తొంభై తొమ్మిదికి తూగే దారి ఈ ఉదయం దొరికింది. దొరికించింది పద్మనాభం గారు. చివరిదాకా చదివి అప్పుడు కోప్పడు.

నీ ఉత్తరం వరండాలో నలుగురికీ చదివి వినిపించాను. జరీనా గారు నీ కబురు విన్నాక వరండా మళ్ళీ తెరిచారు. తివాచీ తీసేశారు. ఏడాది ఒక్కపొద్దు అన్న చోట ఉత్తరం నళిని చేతికి ఇచ్చాను, మిగతాది ఆమె చదివింది.

ముందు ఓంకార్ మాట్లాడాడు. "అంకుల్, పది కిలోల డంబెల్ జేబులో పెట్టుకొని కూర్చోండి."

"ఇనుముకు బెల్లం ఇస్తానని ఆవిడ మొక్కుకోలేదు," అన్నారు జరీనా గారు. తర్వాత నేలమీద సుద్దముక్కతో గీసి చూపించారు. "అటు తొంభై తొమ్మిది మారదు. ఇటు హేమంత్ గారు ఎనభై తొమ్మిది, అదీ మారదు. మిగతా పది కిలోలు దేవుడికి పనికొచ్చేదే అయుండాలి. అంతేనా?"

పద్మనాభం గారు అంతసేపూ ఆకాశం వంక చూస్తున్నారు. నీ ఉత్తరంలో ఆయన విన్నది ఒక్కటే మాట.

"పానకం పోస్తారు సరే," అన్నారు. "వడపప్పు పెట్టరా?"

అందరం ఆయన వంక చూశాం.

"నరసింహస్వామికి పానకం పెట్టి వడపప్పు పెట్టకపోతే ఎట్లాగండీ? నానబెట్టిన పెసరపప్పు, కొబ్బరి కోరు, పచ్చిమిరప, నిమ్మరసం. ఊరంతటికీ పానకం అంటే పప్పు పది కిలోలైనా కావాలి కదా?"

అక్కా, నేను ఒళ్ళో పెసరపప్పు మూట పెట్టుకొని తట్టలో కూర్చుంటాను. అవతల నీ తొంభై తొమ్మిది కిలోల బెల్లం పూర్తిగా. బెల్లం పానకానికి, పప్పు వడపప్పుకు. నా దగ్గర తగ్గినంతా స్వామి దగ్గర పెరుగుతుంది. ఎక్కడా కోత లేదు.

పప్పు ఎవరిదన్న చర్చ వచ్చింది. ఎవరెన్ని కిలోలు తగ్గితే అన్ని కిలోల పప్పు తేవాలని జరీనా గారు తీర్పు ఇచ్చారు. వాటా నాదే ఎక్కువ. ఓంకార్ ఆరు, ఆమె నాలుగు. పద్మనాభం గారు మొదటి రోజుకంటే అరకిలో పెరిగారు కనుక ఆయనకు వాటా లేదు. ఆయన చాలా బాధపడ్డారు. పచ్చిమిరపకాయలు, కొబ్బరికాయలు తనవేనన్నారు. అవసరానికి మించిన పప్పు కూడా స్వామికే. తట్ట పక్కన పెట్టుకుంటాం, సరితూగేదాకా పిడికెడు పిడికెడు మూటలో వేసుకోవచ్చు.

ఇది చెల్లుతుందా లేదా అన్నది పూజారిని అడిగి రాయి. ఆయన కాదంటే నేను వేరే దారి వెతుకుతాను. నీ మాటకు చిల్లు పెట్టను. నువ్వు ఇంకో ఏడాది ఒక్కపొద్దు ఉండటం కూడా జరగదు. ఈ రెండింటిలో ఏది వదులుకోమన్నా వదులుకోను.

ఇంకో సంగతి. నళినితో కలిసి ఐదుగురం వస్తాం. మా చివరి తూకం మా మిషను మీద ఎవరూ నమ్మడం లేదు. బావ బెల్లం తూచే కాటాకు ఏటా ప్రభుత్వ ముద్ర వేయిస్తాడని చెప్పాను. దాని మీద అందరికీ నమ్మకం కుదిరింది.

తొలి గ్లాసు పానకం నువ్వు తాగాలి. ఇది నా షరతు.

హేమంత్


మిట్టూరు
ఏప్రిల్ 25

చిరంజీవి హేమంతుకు, మీ వరండాలోని పెద్దమనుషులందరికీ ఆశీస్సులు.

పూజారి ఒప్పుకున్నాడు. ఊరికే ఒప్పుకోలేదు, రెండు రోజులు ఆలోచించాడు. "వెనక నా చిన్నప్పుడు ఒకాయన మొక్కిన బిడ్డ చిన్నదని తల్లి ఒళ్ళో పెట్టి తూచినారు. తట్టలో కూర్చున్నదంతా ఆ మనిషి లెక్కే. కాకపోతే మూట విప్పి ఉండాల, స్వామికి కనపడాల," అన్నాడు. కాబట్టి గుడ్డలో మూట కట్టవద్దు. వెడల్పాటి తాంబాళం నేను ఇస్తాను. దాని బరువు కూడా లెక్కలోకి వస్తుంది, అంత పప్పు తగ్గించుకో.

పొద్దున ఇక్కడ దిగగానే రాగి సంగటి, పప్పు పెడతాను. పందెం తూకం అయ్యాక, కొండ ఎక్కేముందు కడుపు నిండా తిను. డాక్టరును అడగాల్సిన పని లేదు, ఒక్క పూట. నీ కడుపులో పడినంతా తట్టలో నీ లెక్కకే వస్తుంది.

మీ బావకు కాటా సంగతి చెప్పాను. "బెల్లం తూచే కాటాలో కొవ్వు తూచమంటారా?" అన్నాడు. తర్వాత తనే కడిగి, నూనె పెట్టి, మీద కొత్త గోనె పరిచాడు. తివాచీ సంగతి గుర్తుచేసి గోనె తీయించాను.

జరీనా గారికి, నళినికి లోపలి గదిలో పడక. తక్కినవాళ్ళకు వసారా. పద్మనాభం గారికి ఇంకో ఉత్తరం రాశాను. కొబ్బరి కోరేది ఆయనే అని. పొద్దునంతా కూర్చొని కోరితే అరకిలో తగ్గుతాడు. ఏడాది పొడుగునా తలుపులు తట్టే పని ఆయనకే పడేలా ఉంది కదా, పాపం.

ఒక్కపొద్దు మానమని మళ్ళీ రాయవద్దు. ఇంక ఐదు రోజులు. నళిని చెప్పిందని మజ్జిగ మాత్రం తాగుతున్నాను. తొట్టి దగ్గరికి రెడ్డెమ్మనే పంపుతున్నాను.

చిక్కమునియప్ప బుధవారం రాత్రి మడివాళలో టమాటాలు దించాక మీ కోసం ఆగుతాడు. ముందు సీటులో జరీనా గారు, నళిని. మగవాళ్ళు వెనక ఖాళీ పెట్టెల మధ్య. తెల్లవారేసరికి ఊళ్ళో ఉంటారు.

గురువారం ఏడున్నరకు గానుగ దగ్గర మీ పందెం తూకం. తొమ్మిదికి కొండమీద తులాభారం. పదిన్నరకు పానకం.

తొలి గ్లాసు స్వామిది, నువ్వెవరు షరతు పెట్టడానికి? రెండోది నాది. నాకు ఎండలో నిలబడటం కష్టం, మెట్ల పక్క నీడలో కూర్చొని ఉంటాను. పానకం కలిపి స్వామికి పెట్టగానే గ్లాసు నువ్వే పట్టుకొని రా.

అక్క